జానీ మియా జర్మనీ వంతెన

జానీ మియా జర్మనీ వెళ్ళలేదు. ఆ మాటకొస్తే హైదరాబాదు కూడా మూడుసార్లే వెళ్ళాడు, మూడూ దవాఖానా పనుల మీదే. అయినా డాన్యూబ్ నది ఒడ్డున రేగెన్స్‌బుర్గ్ అనే పాత ఊరు ఒకటి ఉందని, అందులో ఏ బురుజు పక్కన ఏ చర్చి ఉందో, ఏ ఇంటి గోడది ఏ రంగో ఖమ్మం జిల్లా మొత్తంలో చెప్పగలిగినవాడు ఆయన ఒక్కడే. ఆ ఊరి పిచ్చే ఆయన్ని ముంచిందని ఇప్పటికీ చెప్పుకుంటారు. చెప్పుకునేవాళ్ళకేం, ఏమైనా చెప్తారు. జరిగింది వేరు.

ఆయన సెట్టింగు మేస్త్రీ. వేసవి ఎగ్జిబిషన్ల ముందు నిలబెట్టే తాజ్‌మహళ్ళు, ఓడలు, కోటలు ఉంటాయే, అవి కట్టడం ఆయన పని. లోపల వెదురు, కొబ్బరి తాడు. పైన ప్లైవుడ్డు, గుడ్డ, థర్మోకోల్, రంగు. మేకులంటే ఆయనకు గిట్టదు, కట్టు మీదే నమ్మకం. అరవై రెండేళ్ళ మనిషి, పొట్టి, బక్కపలుచన. చేతివేళ్ళు మాత్రం తాడు లాగి లాగి ఆయన ఒంటివి కావేమో అన్నంత లావుగా ఉంటాయి. పని బాగుందని ఎవరైనా మెచ్చుకుంటే "ముందు నిలబడనీ" అంటాడు, అంతే. నలభై నాలుగేళ్ళలో ఆయన కట్టింది ఏదీ పడలేదు. ఇల్లు కిరాయిది, బండి పాతది. ఆ పడకపోవడం ఒక్కటే ఆయన సంపాదన.

దీని వెనక ఒక ఆచారం ఉంది. ఆయన పుట్టకముందు ఆయన తండ్రి మధిర దగ్గర ఒక నాటకానికి స్టేజీ కట్టాడు. మొదటి అంకం నడుస్తుండగానే అది కూలి ఇద్దరు పోయారు. ఆ తర్వాత తండ్రి ఒట్టు పెట్టుకున్నాడు. మనుషులు ఎక్కేది ఏది కట్టినా సరే, జనం కన్నా ముందు తన పెళ్ళాం పిల్లలు దాని మీద కూర్చుని అన్నం తినాలి. వాళ్ళు తిని, చేతులు కడుక్కుని దిగాకే మిగతావాళ్ళు ఎక్కాలి. కొడుకు కూడా అదే పట్టుకున్నాడు. పెళ్ళయిన నెలకే భార్య ఖుద్సియా ఒక వెదురు ఓడ పైకెక్కి అన్నం తిన్నది. కూతురు ఫరహా, పాలు మానిన ఏడు, వైరా రిజర్వాయరు దగ్గర కట్టిన లైట్‌హౌసు మీద పప్పన్నం తిన్నది.

జిల్లాలో ఈ సంగతి తెలియనివాళ్ళు తక్కువ. సెట్టింగు తెరిచే రోజున గేటు దగ్గర "జానీ మియా ఇంటోళ్ళు తిన్నరా?" అని అడిగి మరీ టికెట్టు తీసుకునేవాళ్ళు. ఇంజనీరు సంతకం కన్నా ఆ అన్నం మీదే వాళ్ళకు గురి.

అయితే ఆ రోజులు దాటిపోయాయి. ఇనుప పైపుల కంపెనీలు విజయవాడ నుంచి లారీల్లో దిగి, నాలుగు రోజుల్లో కోటలు బిగించి, నాలుగు గంటల్లో విప్పుకుపోతున్నాయి. రెండేళ్ళు జానీ మియా ఫంక్షన్ హాళ్ళ ముందు స్వాగత ద్వారాలు కట్టుకుని కాలం వెళ్ళదీశాడు. ఆ స్థితిలో ఉండగా జనవరిలో రామ్‌చందర్ వచ్చాడు.

రామ్‌చందర్ ఎగ్జిబిషన్లు నడుపుతాడు. చెడ్డవాడు కాదు, తొందరమనిషి. అశ్వారావుపేటలో పామాయిల్ మిల్లుకు ఏదో పని మీద వెళితే, ఆఫీసు గోడకు జర్మనీ యంత్రాల క్యాలెండరు ఒకటి కనిపించిందట. పన్నెండు నెలలకు పన్నెండు బొమ్మలు, అన్నీ ఒకే ఊరివి. బతిమాలి మేకు మీంచి దింపించుకుని వచ్చాడు.

"జానీ భాయ్, తాజ్‌మహల్ చూసీ చూసీ జనానికి మొఖం మొత్తింది. ఈసారి గీ ఊరు ఊరంత దించాలె. భద్రాచలంల గోదారి కరకట్ట పక్కన జాగా దొరికింది. ఇనుమోళ్ళతోని గీ వంపులు కావు. నీ బొంగులకే వస్తయ్," అన్నాడు.

జానీ మియా చాప మీద కూర్చుని ఒక్కో నెల తిప్పాడు. జనవరిలో మంచు కురుస్తుండగా రెండు సూది శిఖరాల చర్చి, శిఖరాల నిండా రాతి అల్లిక. ఫిబ్రవరిలో బురుజుల్లాంటి ఎత్తయిన ఇళ్ళు. ఒకప్పటి షావుకార్లు ఒకరిని మించి ఒకరు ఎత్తుగా కట్టుకున్నవట. మార్చిలో గడియారం ఉన్న బురుజు, దాని కింది నుంచి ఊళ్ళోకి దారి. ఏప్రిల్లో నది ఒడ్డున పాత ఉప్పు గోదాము, నిటారు పెంకుల కప్పు, ఆ కప్పులోనే వరసలు వరసలుగా చిన్న కిటికీలు. జూన్ దగ్గర ఆయన చేయి ఆగింది.

అది రాతి వంతెన. దాదాపు తొమ్మిది వందల ఏళ్ళ నాటిది. బొమ్మలో కనబడినంతమేర పద్నాలుగు కమానులు లెక్కపెట్టాడు. ఏ రెండూ ఒక్క కొలతలో లేవు. ప్రతి స్తంభం కిందా పడవ ఆకారంలో పెద్ద రాతి దిమ్మె, వరద పోటును రెండుగా చీల్చడానికి. దాన్ని కట్టినవాడు ఆ నదికి ఎంత భయపడ్డాడో జానీ మియాకు చూడగానే అర్థమైంది. పేరైనా తెలియని ఆ మేస్త్రీ మీద ఆయనకు గౌరవం పుట్టింది. కొంచెం ఈర్ష్య కూడా పుట్టింది, అబద్ధమెందుకు.

"దీని మీదికి మనుషులు ఎక్కాలెనా?" అని అడిగాడు.

"ఎక్కకపోతే అది బ్రిడ్జి ఎట్లయితది భాయ్? ఈ పక్క ఎక్కాలె, ఆ పక్క చర్చి ముందు దిగాలె. ఫిబ్రవరి నడుమ ఓపెనింగు."

చేతిలో ఉన్నది మూడు వారాలు. జానీ మియా మర్నాడే బస్సెక్కి బొజ్జయ్య దగ్గరికి వెళ్ళాడు. బొజ్జయ్యది దుమ్ముగూడెం అవతల అడవి అంచున ఒక గూడెం. ఆయన చేని గట్ల మీద పెరిగే వెదురునే జానీ మియా ముప్పై ఏళ్ళుగా వాడుతున్నాడు. ఇద్దరిదీ ఒకటే వయసు, ఒకటే మొండితనం.

"ఇప్పుడు కొట్ట మియా," అన్నాడు బొజ్జయ్య, విషయం వినగానే. "వెన్నెల దినాలు. వెన్నెల్ల బొంగుకు రసం మీదికెక్కుతది, తియ్యగుంటది. పురుగు ఆ తీపికే వస్తది. అమాస రానీ. కొట్టి, పదిహేను దినాలు వాగుల నానేస్త. అప్పుడు తీస్కపో."

ఈ లెక్క జానీ మియాకు తెలియనిది కాదు. ముప్పై ఏళ్ళూ ఆ లెక్క ప్రకారమే తీసుకెళ్ళాడు. అయితే ఆ రోజు ఆయన బుర్ర వేరే లెక్క వేసింది.

"అమాస దాక ఆగితే పని ఇనుమోళ్ళకు పోతది బొజ్జన్నా. మీరు చెప్పేది ఇంటికి. ఇల్లు ఇరవై ఏండ్లు నిలవాలె. నాది నలభై అయిదు దినాలు నిలిస్తే సాలు. పురుగు నిద్ర లేచే లోపల నేను విప్పేస్త."

బొజ్జయ్య నవ్వలేదు. గుమ్మంలో ఎండు ఇప్పపూల చాట పట్టుకుని నిలబడిన ఆయన భార్య జంపక్క మాత్రం, "కావాలంటే బొమ్మలు కట్టుకో అన్నా. మనుషులను ఎక్కించకు," అన్నది.

"ముప్పై ఏండ్లల నిన్ను ఒక్కటన్న అడిగిన్నా?" అన్నాడు జానీ మియా, బొజ్జయ్య వైపే చూస్తూ.

ఆ మాటకు ఎదురులేదని తెలిసే అన్నాడు. బొజ్జయ్య గొడ్డలి తీశాడు. పున్నమి రెండు రోజులుందనగా నరుకుడు మొదలైంది. ఎప్పుడూ లారీతో పాటు తారు రోడ్డు దాకా వచ్చి సాగనంపే మనిషి, ఆ రోజు ఆఖరు మోపు ఎక్కగానే వెనక్కి తిరిగి ఇంట్లోకి వెళ్ళిపోయాడు. జానీ మియాకు అది మనసులో ముల్లులా దిగింది. పని మొదలైతే మర్చిపోవచ్చనుకున్నాడు.

పని మొదలు కాలేదు. వెదురు భద్రాచలంలో దిగిన నాలుగో రోజున అనుమతి ఆగిపోయింది. ఏదో కాగితం మీద ఏదో సంతకం పడలేదు. ఇవాళా రేపా అంటూ ఫిబ్రవరి వెళ్ళిపోయింది, మార్చి వెళ్ళిపోయింది. కరకట్ట పక్కన నీలం టార్పాలిన్ కింద వెదురు అట్లాగే పడి ఉంది. నిలబడే నలభై అయిదు రోజులనే జానీ మియా లెక్క వేసుకున్నాడు. పడి ఉన్న రోజులు కూడా రోజులేనని తట్టలేదు. ఆఖరికి తట్టినా, బొజ్జయ్యను కొత్త వెదురు అడిగే మొహం లేకపోయింది.

ఏప్రిల్ మొదట్లో సంతకం పడింది. టార్పాలిన్ ఎత్తితే అడుగు వరసలో పురుగు తొలిచి రాల్చిన సన్నటి పసుపురంగు పొడి కనిపించింది. జానీ మియా పొడి రాలిన వెదుళ్ళన్నీ ఏరి పక్కన పడేశాడు. మిగతావాటిని ఒక్కొక్కటే ఇనుప కడ్డీతో కొట్టి చూశాడు. గట్టి వెదురు గంటలా మోగుతుంది, తొలిచినది మొద్దుగా పలుకుతుంది. మోగినవాటికే డీజిలు పూయించి, వాటితోనే కట్టడం మొదలుపెట్టాడు. తను చేయవలసింది చేశానని పదిమందికీ వినపడేలా అన్నాడు. అంత గట్టిగా అనడం ఆయన అలవాటు కాదు.

ఏమాటకామాటే చెప్పుకోవాలి, కట్టడం మాత్రం అద్భుతంగా కట్టాడు. పదిహేను రోజుల్లో గోదావరి ఒడ్డున ఒక పరాయి ఊరు లేచింది. నలభై అయిదు అడుగుల జంట శిఖరాలు, వాటికి థర్మోకోల్ కోసి అంటించిన అల్లిక. షావుకార్ల బురుజిళ్ళు పసుపు, గులాబి, లేత ఆకుపచ్చ రంగుల్లో. తిరగని ముళ్ళతో గడియారం బురుజు. వంతెన నడుమ, ఆ ఊళ్ళో ఉన్నట్టే, చిన్న కప్పు మీద కూర్చుని చేతిని కళ్ళకు అడ్డం పెట్టుకుని చర్చి వైపు చూసే మనిషి బొమ్మ. సాయంత్రాలు కరకట్ట మీద నడిచేవాళ్ళు ఆగిపోయి చూసేవాళ్ళు. ఎండిన గోదావరి ఇసుక మీంచి సుడిగాలి లేచినప్పుడు ఆ ఊరు మొత్తం ఒక్కసారి కిర్రుమనేది. చూసేవాళ్ళకు ముచ్చటగా ఉండేది. జానీ మియా మాత్రం అన్నం తింటున్నవాడల్లా ముద్ద వదిలి చెవి అటు పెట్టేవాడు.

ఒక ఆదివారం ఫరహా వచ్చింది. ఖమ్మంలో కోచింగు కాలేజీలో పాఠాలు చెప్తుంది. తండ్రి కడుతున్న ఊరి గురించి ఫోన్లో వెతికి చదివి వినిపించింది.

"అబ్బాజాన్, ఈ బ్రిడ్జి కట్టిన మేస్త్రీకి, చర్చి కట్టిన మేస్త్రీకి పందెమంట, ఎవరు ముందు పూర్తి చేస్తరని. గెలవాలని బ్రిడ్జి మేస్త్రీ సైతాన్ సాయం తీసుకుండంట. బ్రిడ్జి మీద మొదట దాటే ప్రాణాలు సైతాన్‌కు ఇయ్యాలె, అది ఒప్పందం."

"మరి ఎవరు దాటిన్రు?"

"కోడిపుంజును, పెట్టను, కుక్కను తరిమిండంట."

"ఇంటోళ్ళను పంపలేదా?"

"అది కథ అబ్బా! అసలు బ్రిడ్జి అయిపోయిన వందేండ్లు దాటినంక గని ఇప్పుడున్న ఆ చర్చి మొదలే కాలేదు," అని ఫరహా నవ్వింది.

తండ్రి నవ్వకపోవడం చూసి ఆమె ఫోను సంచిలో పెట్టేసుకుంది. ఆయన వంతెన కాళ్ళ వైపు చూస్తున్నాడు.

ప్రారంభం శుక్రవారం సాయంత్రం ఐదు గంటలకు. ఆ పొద్దున ఏడింటికి జానీ మియా ఒక్కడే వంతెన కిందికి వెళ్ళాడు. నది కోసం తవ్విన కాలువలో నల్ల ప్లాస్టిక్ పట్టా పరిచి ఉంది. నీళ్ళ ట్యాంకరు ఇంకా రాలేదు. పట్టాను ముందురోజు పొద్దుగుంకే ముందు ఆయనే స్వయంగా ఊడ్చాడు. ఇప్పుడు చూస్తే చాలా కాళ్ళ మొదట్లో పసుపు పొడి చిన్న చిన్న కుప్పలుగా పోసి ఉంది, ఎవరో ముగ్గుపిండి తెచ్చి పోసినట్టు.

ఆయన ఒక కాలికి చెవి ఆనించాడు. కర్... కర్... కర్... నలభై నాలుగేళ్ళలో వెదురు గాలికి మూలగడం విన్నాడు, బరువుకు గొణగడం విన్నాడు. లోపల కూర్చుని తింటున్న చప్పుడు వినడం ఇదే మొదలు. ఇంకో కాలికి ఆనించాడు. అక్కడా అదే. కడ్డీ తీసి కొట్టుకుంటూ వెళ్ళాడు. పదిహేను రోజుల కిందట మోగిన వెదుళ్ళలో మూడింట ఒకటి మొద్దుగా పలికింది. కడ్డీ పక్కన పడేసి పట్టా మీదే కూలబడ్డాడు.

రామ్‌చందర్ రాగానే చెయ్యి పట్టుకుని కిందికి తీసుకెళ్ళాడు.

"ఒక్క వారం ఆపు. సరుగుడు బాదులు తెప్పించి కాళ్ళన్నీ మారుస్త. చర్చి, ఇండ్లు ఉండనీ, వాటి మీదికి ఎవరెక్కరు. ఈ బ్రిడ్జి ఒక్కటి ఆపు."

"పిండి రాలని బొంగు ఉంటదా భాయ్?" అని రామ్‌చందర్ పనివాళ్ళను ఎనిమిది మందిని పిలిచాడు. వంతెన నడుమ నిలబడి గెంతమన్నాడు. వాళ్ళు నవ్వుకుంటూ గెంతారు. వంతెన ఊగింది, కిర్రుమంది, నిలబడింది. "చూసినవా?"

"ఎనిమిది మంది వేరు. ఐదు కొడితే మూడు వందల మంది ఉంటరు దీని మీద."

రామ్‌చందర్ గొంతు తగ్గించాడు. "మూడు నెలలు ఆగినం. పేపర్ల వేసిన్రు, పెద్దోళ్ళొస్తున్రు. ఇయ్యాల బ్రిడ్జి మూస్తే నేను మునుగుత, నీ పేరు మునుగుతది. జానీ మియా కట్టింది ఆఖరికి ఎక్కనీకె పనికిరాలేదంటరు. పది దినాలు నడవనీ. పొద్దుగాల పొద్దుగాల ఒక్కొక్క కాలు మారుద్దాం. నువ్వు మీ ఇంటోళ్ళతోని కూసొని తిను, సాలు. మిగతాది నేను సూస్కుంట."

మాట్లాడిన ప్రతి మాటా సబబుగానే ఉంది. ఎనిమిది మంది గెంతినా నిలబడిందన్నదీ నిజమే. ముసలితనంలో చెవి తనను మోసం చేస్తోందేమోనని కూడా అనిపించింది. కాదంటే రేపటి నుంచి తనను పిలిచేవాళ్ళు ఉండరన్నది మాత్రం అనుమానం లేని సంగతి. జానీ మియా సరేననలేదు, కాదనలేదు. తొమ్మిదింటికి ట్యాంకరు వచ్చి కాలువ నింపింది. పొడి నీళ్ళలో కలిసిపోయింది.

మధ్యాహ్నం బస్సులో ఖుద్సియా వచ్చింది, బగారన్నం, దాల్చా క్యారియర్లలో పెట్టుకుని. వెంట ఫరహా, ఫరహా చేయి పట్టుకుని నాలుగేళ్ళ కూతురు. చూడటానికి అప్పటికే యాభై అరవై మంది చేరారు. ఖుద్సియా ఆ ఊరిని కళ్ళారా చూసుకుంది. "ఎంత పని చేసినవయ్యా!" అని భర్త వైపు నవ్వి, అలవాటు ప్రకారం చెప్పులు కింద విడిచి, మనవరాలిని ముందు నడిపిస్తూ మెట్లెక్కసాగింది. ఒక మెట్టు. రెండు. మూడు.

"ఆగు!"

ఆ కేకకు కరకట్ట మీదివాళ్ళు కూడా తిరిగి చూశారు. జానీ మియా గొంతు అంత పెద్దదని ఇంట్లోవాళ్ళకే తెలియదు. పిల్ల బెదిరి ఏడుపు అందుకుంది.

"ఎండగుంది. మీరు కింద షెడ్డుల తినున్రి. నేనొక్కణ్ణే తింట," అన్నాడు, గొంతు తగ్గించి.

ఖుద్సియా మూడో మెట్టు మీద నిలబడి ఆయన్ని చూసింది. ఎండలో కూర్చుని తినడం ఆమెకు కొత్త కాదు. క్యారియరు గిన్నె ఒకటి తీసి ఆయన చేతికిచ్చి, పిల్లను ఎత్తుకుని దిగిపోయింది.

ఆయన పైకి వెళ్ళాడు. ఆ బొమ్మ మనిషి పక్కన కూర్చుని గిన్నె మూత తీశాడు. పిరుదుల కింద పలక సన్నగా అదురుతోంది. మూడు ముద్దలు మింగాడు. నాలుగోది గిన్నెలోనే వదిలేసి మూత పెట్టాడు. కింద మైకులో రామ్‌చందర్ గొంతు వినిపించింది, మేస్త్రీ భోజనం అయిందని, ఐదింటికి గేట్లు తెరుస్తారని. జనం చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లు వింటుంటే జానీ మియాకు తన మీద తనకే రోత పుట్టింది.

నాలుగున్నరకు గేటు అవతల వరస కరకట్ట దాకా పాకింది. చంకల్లో పిల్లలు, చేతుల్లో మొక్కజొన్న కంకులు, తెల్లబట్టల ముసలివాళ్ళు. పడమట ఆకాశం మట్టిరంగుకు తిరిగింది, గాలి లేచేలా ఉంది. ఆ వరసలో ముందే బొజ్జయ్య, జంపక్క, వాళ్ళ గూడెంవాళ్ళు ఇరవై మంది దాకా కనిపించారు. ట్రాక్టరు కట్టుకుని వచ్చారట. జానీ మియా వాళ్ళను తప్పించుకుని పోబోయాడు. బొజ్జయ్య కమ్మీల సందులోంచి చెయ్యి చాచి ఆయన భుజం పట్టుకున్నాడు.

"మా జంపక్క రానన్నది. నువ్వు తిన్నవని మైకుల చెప్పిండ్రు, గప్పుడు లేచి వరసల నిలబడ్డది," అన్నాడు. ఆ తర్వాత మామూలుగానే అడిగాడు. "ఖుద్సియమ్మ ఎక్కిందా?"

జానీ మియా కళ్ళు మూడో మెట్టు మీదికి పోయాయి.

బొజ్జయ్య ఆయన మొహంలోకి కాసేపు చూసి, భుజం మీంచి చెయ్యి తీసేశాడు. వెనక్కి తిరిగి తనవాళ్ళతో వాళ్ళ భాషలో రెండు ముక్కలు చెప్పాడు. జంపక్క ముందుగా, ఆమె వెనకే మిగతావాళ్ళు, ఒక్కొక్కరే వరసలోంచి పక్కకు జరిగారు. వాళ్ళు ఖాళీ చేసిన చోటులోకి వెనకవాళ్ళు సంతోషంగా నెట్టుకొచ్చారు. ఒక బాలింత ముందుకు వచ్చింది, ఆమె పక్కన కాలేజీ ఆడపిల్లలు ఇద్దరు. గేటు కాపలావాడు గడియారం చూసుకుంటున్నాడు.

జానీ మియా షెడ్డులోకి వెళ్ళి కొడవలి తీసుకున్నాడు. కాలువలోకి దిగాడు. నీళ్ళు మోకాళ్ళ దాకా ఉన్నాయి. ఏ కట్టడంలోనైనా మొత్తం బరువు తిరిగి తిరిగి వచ్చి ఆగే ముడులు నాలుగో ఐదో ఉంటాయి. అవి ఎక్కడున్నాయో కట్టినవాడికి తప్ప తెలియదు. నడిమి కమాను కింద మొదటి ముడి కోశాడు. రెండోది కోస్తుంటే ఎవరో కేకేశారు. మూడోది కోసేటప్పటికి రామ్‌చందర్ పరుగెత్తుకుని వస్తున్నాడు. నాలుగోది కోసి ఒడ్డుకు దుమికాడు. వంతెన వెంటనే పడలేదు. ఒక్క క్షణం ఆలోచించి, నడుము విరిగిన మనిషిలా నెమ్మదిగా నీళ్ళలో కూర్చుంది. దాని మీద ఒక్క ప్రాణి లేదు.

తర్వాతి కథ లోకానికి తెలిసిందే. మేస్త్రీకి మతి పోయిందన్నారు. ఇనుప కంపెనీవాళ్ళు ఏదో ముట్టజెప్పారన్నారు. రామ్‌చందర్ కొట్టబోయి ఆగిపోయాడు. కూలిన కుప్పలోంచి ఒక వెదురు లాగి, కడ్డీతో కొట్టి, గణగణ మోగించాడు. "ఇది పుచ్చిందా? చెప్పు, ఇది పుచ్చిందా?" అని అందరిలో అడిగాడు. అది పుచ్చలేదు. పుచ్చినవి కూడా అందులోనే ఉన్నాయి గానీ, వాటిని ఎవరూ లాగి చూడలేదు. జానీ మియాను పోలీసు స్టేషన్లో రెండు రోజులు కూర్చోబెట్టి పంపారు.

అన్నిటికన్నా ఆయన్ని దెబ్బతీసింది ఆ చర్చి. ఎగ్జిబిషను వంతెన లేకుండానే నడిచింది. మే నెలలో రెండుసార్లు గాలిదుమారం కొట్టి జెయింట్ వీల్ పక్క దుకాణాల రేకులు లేచిపోయాయి. అదే వెదురుతో కట్టిన ఆ జంట శిఖరాలు మాత్రం నలభై అయిదు రోజులూ చెక్కుచెదరకుండా నిలబడ్డాయి. జనం వాటి ముందు ఫోటోలు దిగి, "గింత గట్టిగ కట్టినోడు దాన్నెందుకు కూల్చిండో" అనుకుంటూ పోయారు. వంతెన నిలబడేదేమో కూడా. మూడు వందల మందిని ఎక్కిస్తే తప్ప తేలని సంగతి అది. ఆయనకూ తెలియదు, ఇక తెలిసే దారీ లేదు. అప్పటి నుంచి స్వాగత ద్వారానికి కూడా ఎవరూ పిలవలేదు.

ఖుద్సియా ఆ రోజు మాట చాలా కాలం ఎత్తలేదు. వానాకాలం మొదలయ్యాక ఒక మధ్యాహ్నం, వాకిట్లో కూర్చుని గోంగూర తెంపుతూ అడిగింది.

"నన్ను మూడో మెట్టు మీద ఆపినవ్."

"అవ్."

"ఆపి, నువ్వు పైకి పోయి తిన్నవ్."

"తిన్న."

"మరి బొజ్జన్న వచ్చి అడగకపోతే?"

ఆయన కట్టిన ప్రతిదాని మీదా ఏ రోజూ ఒక్క ప్రశ్న వేయకుండా ఎక్కి కూర్చున్న మనిషి ఆమె. ఆమెకు అబద్ధం చెప్పలేకపోయాడు. వంతెన కూల్చినందుకు లోకమంతా తిడుతుంటే ఆయనకు ఒకరకంగా హాయిగానే ఉంటూ వచ్చింది. వాళ్ళు తిట్టేది తను చేసిన తప్పును కాదు.

"గేటు తెరిచేటోళ్ళు ఖుద్సియా," అన్నాడు. "నేను కింద నిలబడి సూసుకుంట ఉండేటోణ్ణి."